అడిగేదొకటి, కావలసిందొకటి

(స్త్రీల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



చిన్నప్పుడు మా వీధి చివర శెట్టిగారి కొట్టు ఉండేది. మా అమ్మ చీటీ రాసి నా చేతికిచ్చి పంపేది. మామూలు రోజుల్లో చీటీలో "ఉప్పు" అని ఉంటే శెట్టిగారు మాట్లాడకుండా మెత్తటి ఉప్పు పొట్లం కట్టి ఇచ్చేవారు. వేసవిలో ఒకసారి "ఉప్పు అయిదు కిలోలు" అని రాసి ఉంది. ఆయన చీటీ చూసి నవ్వి, "ఆవకాయ మొదలెట్టారన్నమాట. రాళ్ళుప్పు ఇస్తున్నాను, ఎండబెట్టి దంచుకోమను. తాజా నువ్వులనూనె కూడా వచ్చిందని అమ్మగారితో చెప్పు" అన్నారు. చీటీలో రాళ్ళుప్పు అని లేదు, ఆవకాయ అని అసలే లేదు. కానీ మా అమ్మకు కావలసింది అదే.

ఇవాళ ఆ చీటీని మనం సెల్‌ఫోనుకు ఇస్తున్నాం. కూరకు కొలత కావాలన్నా, పిల్లవాడికి జ్వరం వచ్చినా, కరెంటు బిల్లు కట్టాలన్నా ఒక మాటో రెండు మాటలో కొట్టి, లేదా నోటితో చెప్పి, వెతుకుతున్నాం. 2017లో గూగుల్ తెలుగుతో సహా మరికొన్ని భారతీయ భాషల్లో మాట విని వెతికే సదుపాయం తెచ్చాక, టైపు రాని పెద్దవాళ్ళు కూడా ఫోనును నోటి దగ్గర పెట్టుకుని అడగగలుగుతున్నారు. మంచిదే. అయితే మనం ఇచ్చే చీటీలో ఉన్నది ఒకటి, మన మనసులో ఉన్నది ఒకటి. ఆ రెండింటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, ఆ దూరంలో మనకు ఏ లాభం, ఏ నష్టం జరుగుతాయో ఈ పూట కాస్త ముచ్చటించుకుందాం.

ఈ సంగతిని కంప్యూటర్లవాళ్ళ కంటే ముందు గ్రంథాలయాలవాళ్ళు గుర్తించారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో గ్రంథాలయాధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. రంగనాథన్‌గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పారు. ప్రతి పాఠకుడికీ అతనికి తగిన పుస్తకం అందాలనీ, పాఠకుడి కాలం వృథా కాకూడదనీ వాటిలో ఉన్నాయి. తగిన పుస్తకం అందించాలంటే ముందు ఆ మనిషికి ఏం కావాలో తెలియాలి కదండీ. 1968లో రాబర్ట్ టేలర్ అనే అమెరికన్ పండితుడు దీన్నే ఇంకొంచెం లోతుగా చూశాడు. మనిషి ప్రశ్న నాలుగు మెట్లు దిగి వస్తుందన్నాడు. మొదట మనసులో ఏదో వెలితి, మాటకు అందనిది. తర్వాత అది కాస్త తెలుస్తుంది, చెప్పబోతే వంకరటింకరగా వస్తుంది. మూడో మెట్టులో స్పష్టమైన ప్రశ్న అవుతుంది. నాలుగో మెట్టులో, "ఈ గ్రంథాలయంలో ఏం దొరుకుతుందో, ఎలా అడిగితే దొరుకుతుందో" అని తనే ఊహించుకుని, ప్రశ్నను కుదించి బల్ల దగ్గర అడుగుతాడు.

మన సంగతి చూసుకోండి. పెళ్ళయి పరాయి ఊరు వెళ్ళిన కూతురు నాలుగు రోజులుగా సరిగ్గా మాట్లాడటం లేదు. తల్లికి గుండెలో గుబులు. ఆ గుబులు మొదటి మెట్టు. చివరికి ఆమె ఫోనులో కొట్టేది "హైదరాబాదు బస్సు టైము" అని. యంత్రం బస్సుల టైములు చూపిస్తుంది. అది తప్పు కాదు. కానీ ఆ తల్లికి కావలసింది బస్సు టైము మాత్రమేనా?

కొట్టులో శెట్టిగారు, గ్రంథాలయంలో అధికారి ఎదురు ప్రశ్న వేసేవారు. "దేనికమ్మా?" అనేవారు. వెతికిపెట్టే యంత్రం, అదే సెర్చ్ ఇంజన్, చాలాసార్లు ఆ మాట అడగదు. తనే ఊహించుకుంటుంది. ఎలా ఊహిస్తుందో తెలుసుకుంటే మనం దాన్ని బాగా వాడుకోవచ్చు.

2002లో ఆండ్రీ బ్రోడర్ అనే శాస్త్రవేత్త ఒక వ్యాసం ప్రచురించాడు. అప్పట్లో ఆల్టావిస్టా అనే సెర్చ్ ఇంజన్‌కు మంచి పేరుండేది. 2013లో అది మూతపడింది. దాంట్లో జనం అడిగిన ప్రశ్నల్లోంచి సుమారు 400 తీసి, "ఇతనికి అసలేం కావాలి?" అని ఒక్కొక్కదాన్నీ పరిశీలించాడు. అవి మూడు కుప్పలుగా విడిపోయాయి. నూటికి 48 ఏదైనా తెలుసుకోవడానికి. నూటికి 30 ఏదైనా పని జరిపించుకోవడానికి, అంటే కొనడం, దిగుమతి చేసుకోవడం వంటివి. నూటికి 20 తనకు ముందే తెలిసిన ఒక చోటికి చేరుకోవడానికి. చూశారా, వెతకడం అంటే తెలుసుకోవడమే అనుకుంటాం. కానీ అడిగేవాళ్ళలో సగం మందికి కావలసింది సమాచారం కాదు. ఒకరికి పని కావాలి, ఇంకొకరికి దారి కావాలి.

ఈ లెక్క మన ఇళ్ళలోకి తెచ్చుకుందాం. "నెలలు నిండని బిడ్డకు స్నానం ఎలా" అన్నది తెలుసుకోవడం. "గ్యాసు బుకింగు" అన్నది పని. "తిరుమల దేవస్థానం వెబ్‌సైటు" అన్నది దారి. తర్వాత దీనికి నాలుగోది కూడా చేరింది. గూగుల్ తన ఫలితాలు బాగున్నాయో లేదో చూడటానికి మనుషులను పెట్టుకుని, వాళ్ళకు ఒక నియమావళి ఇస్తుంది. దాని పూర్తి ప్రతిని 2015లో అందరికీ చూపించింది. అందులో తెలుసుకోవడం, చేయడం, ఒక వెబ్‌సైటుకు వెళ్ళడం అనే మూడింటితోపాటు, స్వయంగా నడిచి ఒక చోటికి వెళ్ళడం అనేది కూడా ఉంది. "దగ్గర్లో పిండిమర" అని వెతికే ఆవిడకు పిండిమర చరిత్ర అక్కర్లేదు. తడిపిండి బేసిను చంకన పెట్టుకుని నిలబడి ఉంది. అది తెరిచి ఉందా, ఎంత దూరం, అంతే.

చిక్కు ఎక్కడంటే, ఒకే మాట వెనక నాలుగు అవసరాలు ఉండవచ్చు. సంక్రాంతి వచ్చిందనుకోండి. నలుగురు ఆడవాళ్ళు "అరిసెలు" అని వెతికారు. మొదటావిడ కొత్తగా కాపురం పెట్టింది, బియ్యం నానబోయడం దగ్గర్నుంచి చెప్పాలి. రెండో ఆవిడ వియ్యాలవారికి సారె పంపాలి, ఎక్కడ అమ్ముతారో కావాలి. మూడో ఆవిడ ఇంట్లో అత్తగారికి షుగరు, ఒకటి తినవచ్చా అని సందేహం. నాలుగో ఆవిడ రాత్రి పదింటికి పొయ్యి ముందు నిలబడి ఉంది. మూకుట్లో అరిసె వేయగానే విడిపోతోంది. ఈమెకు అరిసెల పుట్టుపూర్వోత్తరాలు చెబితే ఒళ్ళు మండుతుంది. "పాకం లేతగా ఉంది. పిండి ఇంకొంచెం కలిపి చూడు. ఈసారి పాకం చుక్క పళ్ళెంలో నీళ్ళలో వేసి వేలితో దగ్గరకు తీస్తే మెత్తటి ఉండ అయ్యేదాకా ఆగు. అలాగని ముదరనిస్తే అరిసెలు గట్టిపడతాయి." ఆమెకు కావలసింది ఈ నాలుగు ముక్కలు.

మరి యంత్రం ఈ నలుగురినీ ఎలా వేరుచేస్తుంది? మనం ఏ ఊళ్ళో ఉన్నాం, ఏ భాషలో అడిగాం, ఇది పండుగ రోజులా మామూలు రోజులా, ఇదే మాట అడిగిన తక్కినవాళ్ళు ఏ లింకు నొక్కారు, ఇలాంటివి చూస్తుంది. జనం నొక్కేవాటిని లెక్కలోకి తీసుకునే ఏర్పాటు ఉందని, 2023లో అమెరికాలో గూగుల్‌పై నడిచిన గుత్తాధిపత్యం కేసులో కంపెనీ అధికారే సాక్ష్యం చెప్పారు. అంటే మన ముందు అడిగినవాళ్ళ అడుగుజాడలే మనకు దారి చూపిస్తున్నాయన్నమాట. మన ముందువాళ్ళు తప్పుదారిన పోయి ఉంటే మనల్నీ అటే పంపవచ్చు.

చిన్న మాటల దగ్గర కూడా యంత్రం తడబడేది. 2019లో గూగుల్ ఒక కొత్త పద్ధతి తెస్తూ ఒక ఉదాహరణ చెప్పింది. బ్రెజిల్ నుంచి అమెరికా వెళ్ళేవారికి వీసా కావాలా అని ఒకరు అడిగితే, యంత్రం అమెరికా నుంచి బ్రెజిల్ వెళ్ళేవాళ్ళ సంగతి చూపించిందట. రెండు దేశాల పేర్లు పట్టుకుంది గానీ ఎటు నుంచి ఎటు అన్నది వదిలేసింది. మన భాషలో ఈ సంగతి మరీ ముఖ్యం. "విజయవాడకు", "విజయవాడ నుంచి", "విజయవాడలో" అంటే మూడు వేరు వేరు అవసరాలు. మనమేమో తొందరలో తోకలన్నీ కోసేసి "విజయవాడ రైలు" అని కొడతాం. ఆ తోకలోనే మన అవసరం ఉంది. కాబట్టి వెతికేటప్పుడు పొదుపు చేయకండి. పొరుగింటి వదినగారిని ఎలా అడుగుతారో అలా పూర్తి వాక్యంలో అడగండి. "అరిసెలు" అనకుండా "అరిసెలు నూనెలో విడిపోతున్నాయి, ఏం చేయాలి" అనండి. తేడా మీకే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. జనం ఏం వెతికారో చూసి వాళ్ళకు ఏం జరుగుతోందో చెప్పేయగలం అనుకోవడం కూడా పొరపాటే. 2008లో గూగుల్ అమెరికాలో ఫ్లూ జ్వరం ఎంత వ్యాపించిందో జనం వెతికే మాటలనుబట్టి అంచనా కట్టడం మొదలుపెట్టింది. తొలి రోజుల్లో అందరూ మెచ్చుకున్నారు. 2012-13 చలికాలం వచ్చేసరికి, ఫ్లూ లక్షణాలతో డాక్టర్ల దగ్గరకు వెళ్ళినవారి లెక్క కంటే దాని అంచనా దాదాపు రెట్టింపయింది. 2015లో ఆ అంచనాలు ప్రకటించడం మానేశారు. కారణాలు కొన్ని ఉన్నాయి గానీ, ఒకటి మనకు సులువుగా అర్థమయ్యేదే. దగ్గు గురించి వెతికినవాళ్ళందరికీ దగ్గు ఉండదు. వార్తలు విని భయపడినవాళ్ళూ వెతుకుతారు.

2006లో ఏఓఎల్ అనే అమెరికన్ కంపెనీ, పరిశోధనకు పనికొస్తాయని, సుమారు ఆరున్నర లక్షల మంది మూడు నెలల్లో వెతికిన మాటలను బయటపెట్టింది. పేర్లు తీసేసి నంబర్లు పెట్టారు. అయినా కొద్ది రోజుల్లోనే న్యూయార్క్ టైమ్స్ పత్రికవాళ్ళు, ఆ మాటలను పట్టుకునే ఒక పెద్దావిడ ఇల్లు కనుక్కున్నారు. ఆవిడ వెతికినవాటిలో రకరకాల జబ్బులు ఉన్నాయి. చూసినవాళ్ళు పాపం ఈవిడకు ఎన్ని రోగాలో అనుకుంటారు. తీరా చూస్తే ఆవిడ తన స్నేహితురాళ్ళ కోసం వెతికిపెట్టేదట! రెండు పాఠాలున్నాయి ఇందులో. పేరు లేకపోయినా వెతికిన మాటలు మనిషిని పట్టిస్తాయి. పట్టించినా ఆ మనిషి మనసును మాత్రం సరిగ్గా చెప్పలేవు. ఇంట్లో ఎదిగిన పిల్ల ఫోనులో ఏదో మాట కనబడిందని అమాంతం కేకలు వేసే తల్లులు ఇది గుర్తుంచుకోవాలి. ఎందుకు వెతికావమ్మా అని ముందు అడగండి.

ఇప్పుడు అసలు భయపడవలసిన సంగతికి వస్తాను. మా పక్కింటి ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం ఏదో వస్తువుకు డబ్బు కట్టింది. డబ్బు పోయింది గానీ వస్తువు రాలేదు. కంగారులో ఫోనులో ఆ కంపెనీ పేరు కొట్టి "కస్టమర్ కేర్ నంబరు" అని వెతికింది. పైనే ఒక నంబరు కనబడింది. చేసింది. అవతలివాడు ఎంతో మర్యాదగా, "మీ డబ్బు వెనక్కి ఇప్పిస్తాను అమ్మా, ఈ చిన్న యాప్ ఎక్కించుకోండి" అన్నాడు. ఆ యాప్‌తో ఆవిడ ఫోను తెర వాడికి కనబడింది. పావుగంటలో బ్యాంకులో ఉన్నదంతా ఊడ్చుకుపోయాడు. అది కంపెనీ నంబరు కాదు, దొంగ నంబరు. ఆవిడ చాలా రోజులు ఇంట్లో చెప్పలేదు. "నేనే తెలివితక్కువదాన్ని" అని కుమిలిపోయింది.

నేనంటాను, ఆవిడ తెలివితక్కువది కాదు. ఆ దొంగ తెలివైనవాడు. "కస్టమర్ కేర్ నంబరు" అని వెతికే మనిషి ఏ స్థితిలో ఉంటుందో వాడికి బాగా తెలుసు. డబ్బు పోయి, చేతులు వణుకుతూ, ఎవరైనా మర్యాదగా మాట్లాడితే చాలు అన్నట్టు ఉంటుంది. అందుకే వాళ్ళు అలాంటి నంబర్లను ప్రకటనల్లోనూ, మ్యాపుల్లోనూ, ఊరూపేరూ లేని వెబ్‌సైట్లలోనూ పెట్టి కూర్చుంటారు. వెతికేవారి మనసు తెలుసుకోవడం ఇంత బలమైన విద్య. శెట్టిగారి చేతిలో ఉంటే మనకు రాళ్ళుప్పు వచ్చింది. దొంగ చేతిలో ఉంటే పుస్తె కూడా మిగలదు.

అందుచేత కొన్ని జాగ్రత్తలు చెబుతాను, దయచేసి రాసుకోండి.

ఒకటి. బ్యాంకు నంబరు వెతకవద్దు. అది మీ ఏటీఎం కార్డు వెనక, పాసుపుస్తకంలో ఉంటుంది. వస్తువుల కంపెనీ నంబరు బిల్లు మీదో, వారంటీ కార్డు మీదో, ఆ కంపెనీ సొంత యాప్‌లోనో చూడండి.

రెండు. వెతికినప్పుడు మొట్టమొదట కనబడిందే సరైనదని అనుకోవద్దు. పైన కనబడేవాటిలో డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు ఉంటాయి. "స్పాన్సర్డ్" అన్న చిన్న మాట ఉందేమో చూడండి. 2024 నుంచి గూగుల్‌లో కొన్ని ప్రశ్నలకు యంత్రమే సమాధానం కూర్చి పైన చూపిస్తోంది. అదీ పొరపాటు పడగలదు. నంబర్ల దగ్గర, మందుల దగ్గర దాన్ని నమ్మి ఊరుకోవద్దు.

మూడు. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ను కొట్టవలసిన అవసరం లేదు. పిన్ను అడిగారంటే మన డబ్బు పోతోందని అర్థం. ఓటీపీ చెప్పమన్నా, ఏదో యాప్ ఎక్కించుకోమన్నా ఫోను పెట్టేయండి.

నాలుగు. డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోవద్దు, దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఇది దేశమంతటికీ సైబర్ నేరాల సహాయ నంబరు. బ్యాంకుకు కూడా చెప్పండి. ఎంత త్వరగా చెబితే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. మా పక్కింటి ఆవిడ ఆ మొదటి గంటను సిగ్గుతో పోగొట్టుకుంది.

జబ్బుల సంగతి కూడా ఇంతే. అర్ధరాత్రి బిడ్డ ఒళ్ళు కాలిపోతుంటే "పిల్లలకు జ్వరం" అని వెతుకుతాం. వంద కారణాలు వస్తాయి, చివర్లో భయంకరమైనవి. ఆ సమయంలో మనకు కావలసింది కారణాల పట్టిక కాదు. "ఇప్పుడే డాక్టరు దగ్గరకు పరిగెత్తాలా, తెల్లవారేదాకా ఆగవచ్చా" అన్నదే మన ప్రశ్న. ఆ ప్రశ్నకు ఫోను కంటే ఆస్పత్రి మంచిది. మూడు నెలలు నిండని పసిబిడ్డకు 100.4 డిగ్రీలు, ఆపైన జ్వరం ఉంటే ఆలోచించకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఏ వయసు పిల్లలైనా మగతగా పడి ఉన్నా, పాలు తాగకపోయినా, ఊపిరి కష్టంగా తీస్తున్నా ఇంకేమీ వెతకవద్దు.

చివరగా, ఇంట్లో పచ్చళ్ళు, పొడులు, జాకెట్ల కుట్టుపని చేసుకుంటూ ఫోను ద్వారా అమ్ముకుంటున్న సోదరీమణులకు ఒక మాట. "మా గోంగూర పచ్చడి అమోఘం, అద్భుతం" అని పేజీ నిండా రాస్తే ఎవరూ నిలబడరు. వచ్చే మనిషికి ఏం కావాలో చూడండి. ఒక వారంపాటు మీకు ఫోను చేసినవాళ్ళు ఏమడిగారో పుస్తకంలో వాళ్ళ మాటల్లోనే రాసుకోండి. కిలో ఎంత? ఏ నూనె? ఎన్నాళ్ళు నిలవుంటుంది? వెల్లుల్లి వేయనిది ఉందా? మా ఊరికి పంపుతారా, ఎన్ని రోజులకు చేరుతుంది? వాటికి దాపరికం లేకుండా జవాబులు రాయండి. నిలవ ఉండనిదైతే ఉండదనే రాయండి. వాళ్ళు "వెల్లుల్లి లేని పచ్చడి" అంటుంటే మీరూ ఆ మాటే వాడండి, పుస్తకాల మాట వెతుక్కోవద్దు. శెట్టిగారు చేసింది ఇదే. ఆయన సరుకు ఒక్కటే అమ్మలేదు, మా అమ్మ పనిని తన పనిగా ఆలోచించారు.

ఈ రాత్రి ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క క్షణం ఆగి చూడండి. నేను కొట్టబోయే మాట ఇది, నాకు కావలసింది ఏమిటి? తెలుసుకోవాలా, పని జరగాలా, ఎక్కడికైనా వెళ్ళాలా? లేక కూతురు గొంతు వినాలా? అదే అయితే బస్సు టైములు తర్వాత చూసుకోవచ్చు. ముందు దాని నంబరుకు ఫోను చేయండి.